నిప్పు, పులుపు, రాయి: కొత్త కత్తికి పాత రూపు

ఎండలు ముదిరి కొత్తావకాయ హడావిడి మొదలైందంటే, విజయవాడలో రైతుబజార్ల బయటా మార్కెట్ల పక్కన రోడ్డు వారనా మామిడికాయలు ముక్కలు కొట్టి ఇచ్చేవాళ్ళు వరుసగా కూర్చుంటారు. చెక్కదిమ్మకు ఒక కొసన బిగించిన వాళ్ళ కత్తులను ఒకసారి వంగి దగ్గరగా చూడండి. వీపు నుంచి సగం దాకా బ్లేడు నల్లగా ఉంటుంది, ఆ నలుపులో అక్కడక్కడ నీలం, ఊదా కలిసిన మచ్చలుంటాయి. కమ్మరి కొట్టిన సుత్తి గుంటలు ఇంకా చెరిగిపోయి ఉండవు, వాటి అడుగున రంగు మరింత చిక్కగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ ఆ నలుపు బూడిదరంగులోకి దిగి, సానరాయి తగిలే చివరి అంచున మాత్రం ఉక్కు తళతళలాడుతుంది. పిడి మీద బొటనవేలు ఆనే చోట చెక్క నున్నగా అరిగి, చెమట పట్టి నల్లబడి ఉంటుంది. ఇదంతా ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. మామిడి పులుపు, టెంక దెబ్బ, సానరాయి, మనిషి చెయ్యి కలిసి ఏళ్ళ తరబడి చేసిన పని.

ఆ రూపును కొత్త కత్తికి తెప్పించడం గురించే ఈ వ్యాసం. కత్తులు చేయడం నాకు ఉద్యోగం కాదు, ఇష్టం. ఆటోనగర్‌లో లారీ కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, సరిచేసే ఒక షెడ్డులో, కొలిమి నడిపే పెద్దాయన పక్కన నాకు కాస్త చోటు దొరికింది. అక్కడ వంటింటి కత్తులు, తోటపనికి పనికొచ్చే చిన్న కత్తులు తయారుచేస్తుంటాను. అడిగేవారిలో చాలామందికి మెరిసే కత్తి అక్కర్లేదు, అమ్మమ్మగారింట్లో చూసిన కత్తిలాంటిది కావాలి. వారికి నేను ముందుగా చెప్పేది ఒక్కటే. పాతదనమంటే నలుపు కాదు. నలుపు ఏ ఆమ్లంలో ముంచినా కొద్ది నిమిషాల్లో వస్తుంది. వాడకం తగిలే చోట దాని గుర్తు ఉండాలి, తగలని చోట ఉండకూడదు. ఈ తేడా పట్టించుకోకుండా కత్తి మొత్తాన్ని ఒకే రంగులో ముంచి తీస్తే, అది జుట్టుకు పిండి పూసుకుని పద్యనాటకంలో ముసలి వేషం కట్టిన కుర్రవాడిలా ఉంటుంది.

కాబట్టి పనిని మూడు భాగాలుగా విడదీసుకోవాలి. ఉపరితలం మీది గరుకు, అంటే గుంటలు, మిట్టలు, పెచ్చులు ఊడిన జాడలు, నిప్పు దగ్గరే పుట్టాలి. రంగు పులుపుతో రావాలి. ఆ రంగును అవసరమైన చోట తగ్గించి వెలుగు తెప్పించే పని రాయిది. ఈ వరస తప్పితే, ఉదాహరణకు పూర్తయిన కత్తి మీద గ్రైండరుతో గుంటలు పొడిస్తే, చూసేవారి కన్ను వెంటనే పట్టేస్తుంది. గ్రైండరు గుంట అంచులు పదునుగా తెగి ఉంటాయి. సుత్తి గుంట అంచు వేడి లోహంలో మెత్తగా జారి ఉంటుంది.

ముందు ఉక్కు సంగతి. ఈ పనికి స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరాదు. అందులో కనీసం పదిన్నర శాతం ఉండే క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పొరగా ఏర్పడి, చింతపండుకూ వెనిగర్‌కూ లొంగకుండా కాపాడుతుంది. మనకు కావలసింది తుప్పు పట్టగల ఉక్కు. లారీ కమాన్ పట్టీల్లో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. అది ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే చక్కగా గట్టిపడుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, పులుపుకు త్వరగా రంగు మారుతుంది. ఆటోనగర్‌లో వీటికి కొదవ లేదు. అయితే లక్షల కిలోమీటర్లు మోసి అలసిన పాత పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు, ముఖ్యంగా నడుమ బోల్టు రంధ్రం చుట్టూ. అందుకని కొత్త పట్టీలను కొలతకు కోయగా మిగిలిన ముక్కలనే నేను అడిగి తెచ్చుకుంటాను. పాతదనం రూపానికే కానీ ఉక్కుకు అక్కర్లేదు కదా.

రంగు గురించి ఆలోచించేముందు ఆకారం గురించి ఆలోచించాలి. చాలా కత్తులు ఇక్కడే దొరికిపోతాయి. నిజంగా పాతబడిన కత్తిలో ఎక్కడా గట్టి మూల ఉండదు. వీపు మూలలు వేళ్ళ రాపిడికి గుండ్రంగా అరిగి ఉంటాయి. ఏళ్ళకొద్దీ సాన పట్టడం వల్ల అంచు గీత కాస్త లోపలికి తగ్గి ఉంటుంది, పిడి దగ్గర సానరాయి అందని చోట మాత్రం చిన్న గడప మిగిలిపోతుంది. ఆ గడపను నేను పెట్టను. వంటింట్లో అది గుడ్డలకు తగులుకుని విసిగిస్తుంది. వీపు మూలలను మాత్రం ఆకురాయితో దింపి, ఉప్పుకాగితం చుట్టి, బూటు పాలిష్ చేసినట్లు అటూ ఇటూ లాగి నున్నన చేస్తాను. చేతికి కూడా అదే సుఖం.

ఇక నిప్పు. గరుకు కోసం ప్రత్యేకంగా సుత్తులు కొనక్కర్లేదు. ముఖం చితికి, అంచులు రాలిన పాత సుత్తి ఒకటి ఏ కమ్మరి దగ్గరైనా ఉంటుంది, దాన్ని మించిన పనిముట్టు లేదు. చెట్టు బెరడు జాడ కావాలంటే సుత్తి ముఖం మీద గ్రైండరుతో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టుకోవచ్చు. బ్లేడు ఆకారం పూర్తిగా వచ్చాక, చివరి కాల్పుల్లో, ఉక్కు నారింజరంగు నుంచి ఎరుపులోకి దిగుతున్నప్పుడు తేలికపాటి దెబ్బలతో గుర్తులు వేయాలి. మరీ చల్లారి నల్లబడిన ఉక్కును కొడితే చిట్లుతుంది. మరీ తెల్లగా కాలిన ఉక్కును కొడితే బ్లేడు పలచబడి వంకర పోతుంది. దెబ్బలను వరుసగా వేయకూడదు. చెయ్యి తనకు తెలియకుండానే ఒక తాళానికి అలవాటుపడి ఒకే ఎడంలో కొడుతుంది, చూస్తే ముగ్గు చుక్కల్లా తయారవుతుంది. దాన్ని తప్పించడానికి బ్లేడును పట్టకారుతో తిప్పుతూ, వీపు వైపు ఒత్తుగా, కిందికి పలచగా కొట్టుకుంటూ పోవాలి.

కాలిన ఉక్కు మీద గాలి తగిలి నల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని తుడవకుండా కొడితే పెచ్చు ముక్కలు లోహంలోకి దిగబడి, తరవాత ఊడినప్పుడు చిన్న చిన్న గోతులు మిగులుతాయి. కొందరికి అదే కావాలి. నాకు మాత్రం ఆ గోతులు కత్తి పైసగంలోనే ఇష్టం. కింది సగంలో పెచ్చు లేకుండా చేయడానికి మా షెడ్డు పెద్దాయన చూపిన పద్ధతి చాలా సులువు. "దాగలి మీద నీళ్ళు జల్లి కొట్టబ్బాయ్, పెచ్చు దానంతటదే లేచిపోద్ది" అన్నాడు. "చల్లారిపోదా బాబాయ్?" అని అడిగితే, "నువ్వు కొట్టే రెండు దెబ్బలకి ఏం చల్లారుద్ది? కొట్టు ముందు" అన్నాడు. తడి దాగలి మీద, అంటే కమ్మరి కింద పెట్టి కొట్టే ఇనుప దిమ్మె మీద, ఎర్రటి బ్లేడు పెట్టి కొట్టగానే టపాకాయ పేలిన చప్పుడు వస్తుంది. కింద చిక్కిన నీరు ఒక్కసారిగా ఆవిరై పెచ్చును లోహం నుంచి విదిలించి పారేస్తుంది. బ్లేడు అడుగున బూడిదరంగు ఉక్కు శుభ్రంగా బయటపడుతుంది. జపాను కమ్మరులదీ ఇదే పద్ధతి. పెచ్చులు కళ్ళ వైపు ఎగురుతాయి కాబట్టి అద్దాలు లేకుండా ఈ పనికి దిగకూడదు.

గరుకు ఎక్కడ ఉండకూడదన్నది ఎక్కడ ఉండాలన్నదాని కన్నా ముఖ్యం. పదును అంచుకు దగ్గరగా, బ్లేడుకు అడ్డంగా లోతైన గాటు పడితే, నూనెలో ముంచినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. బ్లేడు పిడిలోకి దిగే మెడ దగ్గర కూడా అంతే. వాడకంలో బలమంతా పడేది అక్కడే. దీనికి తోడు వంటింటి కత్తి అయితే అంచు దగ్గరి గోతుల్లో కూర పసరు ఇరుక్కుని తుప్పు పడుతుంది. అందుకని అంచు నుంచి కనీసం బొటనవేలి వెడల్పు మేర నున్నగా వదిలేయాలి. చెప్పాను కదా, సానరాయి తిరిగే చోట పాత కత్తి కూడా నున్నగానే ఉంటుంది.

గుర్తులు వేయడం అయ్యాక, కొట్టిన ఒత్తిడి పోయేలా బ్లేడును రెండు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలిలో వదిలేయాలి. ఆ తరవాత దాన్ని మామూలు వెనిగర్‌లో ఒక రాత్రి నానబెడితే మిగిలిన పెచ్చు మెత్తబడి, ఇనుప బ్రష్షుతో రుద్దగానే రాలిపోతుంది. వెనిగర్‌లో ఉండేది నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లమే కాబట్టి అది నెమ్మదిగా, చెప్పిన మాట వింటూ పనిచేస్తుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ వాడితే నిమిషాల్లో అయిపోతుందని చెప్పేవారున్నారు. అవుతుంది, దాని ఆవిరికి షెడ్డులో ఉన్న ఆకురాళ్ళు, డ్రిల్లు బిట్లు, వైసు దవడలు కూడా మర్నాటికి ఎర్రబడతాయి. గట్టిపరిచిన ఉక్కును అలాంటి ఘాటు ఆమ్లంలో ఉంచితే మరో ప్రమాదం ఉంది: ఆమ్లం నుంచి పుట్టే హైడ్రోజన్ లోహంలోకి ఇంకి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అందుకే పెచ్చు తీసే పని గట్టిపరచడానికి ముందే పూర్తిచేసుకోవడం మంచిది.

గట్టిపరచడం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకాస్త ఎర్రబడనిచ్చి వెచ్చటి నూనెలో ముంచాలి, చల్లారగానే సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు విడతలుగా గంటో రెండు గంటలో ఉంచాలి. ఆ తరవాత చేసే ఏ పనిలోనూ బ్లేడు ఆ వేడిని దాటకూడదు. అందమైన నీలిరంగు కోసం టార్చి పెట్టి కాల్చే అలవాటు కొందరికి ఉంది. ఆ నీలం రావాలంటే దాదాపు 300 డిగ్రీలు కావాలి, అంచు ఆ వేడికి పోతే పదును నిలవదు. పైగా ఆ రంగు నాలుగుసార్లు తోమితే పోయే రంగు.

ఇప్పుడు పులుపు దగ్గరికి వచ్చాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఇనుము గాలికీ తేమకూ కలిసి ఎర్ర తుప్పుగా మారుతుంది. అది వదులుగా, పొడిపొడిగా ఉండి కింది లోహాన్ని తినేస్తూ పోతుంది. అదే ఇనుము, ప్రాణవాయువు మరో పాళ్ళలో కలిసినప్పుడు మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడ్ అవుతుంది. అది లోహాన్ని అంటిపెట్టుకుని, నూనెను పీల్చి ఉంచుకుని, ఎర్ర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది. మన ప్రయత్నమంతా ఎర్రదాన్ని రానివ్వకుండా నల్లదాన్ని రప్పించడమే.

త్వరగా, లోతుగా పని జరగాలంటే ఫెర్రిక్ క్లోరైడ్. రేడియో సర్క్యూట్ బోర్డుల మీది రాగిని కరిగించడానికి వాడే ఈ రసాయనం ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే దుకాణాల్లో పొడిగానో ద్రావణంగానో దొరుకుతుంది. పొడి అయితే నీళ్ళలోకి కొంచెం కొంచెంగా వేయాలి, నీళ్ళు వేడెక్కుతాయి. చిక్కటి ద్రావణానికి మూడు నాలుగు రెట్లు నీరు కలిపితే కత్తులకు సరిపోతుంది. పాత్ర గాజుదో ప్లాస్టిక్‌దో కావాలి. గ్లవుజులు తప్పనిసరి, బట్టల మీద పడితే ఆ పసుపు మరక పోదు.

ముంచే ముందు బ్లేడును గిన్నెలు తోమే సబ్బుతో, తరవాత థిన్నరుతో తుడవాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నీళ్ళు పోసి చూడటమే పరీక్ష: నీరు పొరలా పరుచుకుంటే సరే, ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్లే. వేలిముద్ర ఒక్కటి మిగిలినా, రేపు అది వేలిముద్రగానే తేలుతుంది. ద్రావణంలోకి దిగిన బ్లేడు ముందు మసకబారుతుంది, తరవాత బూడిదరంగుకు తిరుగుతుంది, ఐదు పది నిమిషాలకు మసి పూసినట్లు నల్లబడుతుంది. వేలితో రాస్తే ఆ మసి వేలికి వస్తుంది. దాన్ని నీటిలో దూదితో తుడిచి మళ్ళీ ముంచాలి. అలా తుడవకపోతే మసి కింద ఆమ్లం సమంగా పారక మచ్చలు కడుతుంది. మచ్చలు కావాలంటే అదే పద్ధతి, తుడవకుండా వదిలేయడమే. గోళ్ళ రంగును బ్లేడు మీద అక్కడక్కడ చుక్కలుగా వేసి ముంచితే, ఆ చోట్లు ఆమ్లానికి అందక మిట్టలుగా మిగులుతాయి. స్పాంజి ముక్కతో అద్దితే పాత ఇనుప గేటు మీద కనిపించే గరుకు వస్తుంది.

ఇక్కడ చాలామంది కత్తిని సగం దాకా ముంచి కదలకుండా పట్టుకుంటారు. నీటిమట్టం దగ్గర ఒక నిక్కచ్చి గీత పడుతుంది, ఆ గీత ఇక దేనికీ పోదు. మామిడికాయల కత్తిలో నలుపు నుంచి బూడిదకు దిగే చోట గీత అంటూ ఏదీ ఉండదని గమనించాలి. ఆ జారుడు రావాలంటే బ్లేడును పైకీ కిందికీ నెమ్మదిగా ఆడిస్తూ ఉండాలి, లేదా మొత్తం ముంచి తీసి, కింది భాగాన్ని నీళ్ళ ఉప్పుకాగితంతో పొడవునా రుద్ది, పైభాగానికి మాత్రం గుడ్డతో రెండోసారి అద్దాలి. రెండో పద్ధతిలో పని ఎక్కువ, ఫలితం బాగుంటుంది.

ఒకప్పుడు మన ప్రాంతాల్లో మూసల్లో తీసిన ఉక్కుకు, ముఖ్యంగా ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో తయారై పర్షియా దాకా వెళ్ళిన ఉక్కుకు, ఇలాంటి ఆమ్లం పూస్తే లోపలి నుంచి అలల గీతలు తేలేవి. కమాన్ పట్టీలో అలాంటిదేమీ దాగి లేదు. ఎంతసేపు ముంచినా అందులో లేని గీత రాదు. సుత్తితో మనం పెట్టిందే ఆమ్లం చూపిస్తుంది.

పని అయ్యాక బ్లేడును వంటసోడా కలిపిన నీటిలో నురగ ఆగేదాకా ఉంచి, బాగా కడిగి, వేడినీళ్ళలో తీసి ఆరబెట్టాలి. క్లోరైడ్ లవణాలు గోతుల అడుగున మిగిలితే నెలల తరవాత కూడా అక్కడి నుంచి తుప్పు లేస్తుంది. ఉప్పు, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి త్వరగా తుప్పు పట్టించే చిట్కాను నేను మానేయమనేది ఇందుకే. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవంలో వెనిగర్ కలిపే చిట్కా అంతకన్నా ప్రమాదం, క్లోరిన్ వాయువు పుడుతుంది; దాని జోలికి అసలే పోకూడదు. వాడిన ఫెర్రిక్ ద్రావణాన్ని కూడా వంటసోడాతో చంపి, అడుగుకు దిగిన బురదను విడిగా తీసిపెట్టాలి. దాన్ని తీసుకెళ్ళి బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో పోయడం ఏ లెక్కనా సబబు కాదు.

రసాయనాలు వద్దనుకునేవారికి వంటిల్లే చాలు. చిక్కటి చింతపండు గుజ్జును బ్లేడు మీద వేళ్ళతో అద్ది ఆరనిస్తే, గుజ్జు అంచుల వెంట నీలి బూడిదరంగు గీతలు, మధ్యలో లేత మచ్చలు వస్తాయి. కడిగి, చోటు మార్చి మళ్ళీ అద్దుకుంటూ పోతే ఒకదానిపై ఒకటి పడి సహజంగా కలిసిపోతాయి. విదేశీ తయారీదారులు ఈ పనికి సీసాల్లో అమ్మే ఆవముద్ద వాడతారు. మన ఆవపిండి తడిపి రాస్తే అది రాదు, ఎందుకంటే అక్కడ పనిచేసేది ఆవాలు కాదు, ఆ ముద్దలో కలిపిన వెనిగర్. అరటిపువ్వు ఒలిచి తరిగితే కత్తి ఎలా నల్లబడుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అందులోని టానిన్ ఇనుముతో కలిసి నల్లబడుతుంది.

టానిన్ మాట వచ్చింది కనుక కరక్కాయ గురించి చెప్పాలి. విజయవాడ నుంచి బందరు వైపు డెబ్భై కిలోమీటర్లు వెళితే, మచిలీపట్నం పక్కనే పెడన. అక్కడి కలంకారీ అద్దకంలో బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి పులియబెట్టిన ద్రవంతో అచ్చు వేస్తారు. కరక్కాయ టానిన్‌కు ఇనుము తగలగానే బట్ట మీద చిక్కటి నలుపు తేలుతుంది. బట్ట మీద వాళ్ళు చేసేదాన్ని ఉక్కు మీద తిరగేసి చేయవచ్చు. ఇక్కడ ఇనుము కత్తిలోనే ఉంది, టానిన్ మాత్రం మనం ఇవ్వాలి. కరక్కాయ పెచ్చులను దంచి నీళ్ళలో బాగా మరిగించి చల్లార్చిన కషాయాన్ని, వెనిగర్‌తో ఒకసారి మసకబరిచిన బ్లేడుకు పూస్తే, చూస్తుండగానే సిరా రంగు కమ్ముకుంటుంది. ఆ నలుపులో కాస్త నీలం ఛాయ ఉంటుంది, ఫెర్రిక్ క్లోరైడ్ నలుపులో ఉండే చచ్చుదనం ఉండదు. పొర పలుచన కాబట్టి పీచుతో గట్టిగా తోమితే పోతుంది. అయినా నాకు వంటింటి కత్తికి ఇదే ఇష్టం: పోయిన చోట పోతుంది, పులుపు తగిలిన చోట మళ్ళీ వస్తుంది, నా చేతి నలుపు స్థానంలో ఆ ఇంటివాళ్ళ నలుపు వచ్చి చేరుతుంది.

అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచేది తుప్పును మరిగించే పద్ధతి. శుభ్రం చేసిన బ్లేడుకు పలచగా వెనిగర్ తుడిచి, అడుగున వేడినీళ్ళు పెట్టిన మూత డబ్బాలో వేలాడదీస్తే కొన్ని గంటల్లో సన్నటి ఎర్ర నూగు కడుతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలంలో అయితే డబ్బా కూడా అక్కర్లేదు, షెడ్డు గాలే చాలు. ఆ నూగు పట్టిన బ్లేడును నీళ్ళలో పావుగంటో ఇరవై నిమిషాలో మరిగిస్తే, ఎర్ర తుప్పు కళ్ళముందే నల్లటి మఖమల్ పొరగా మారిపోతుంది. సన్నటి ఉక్కుపీచుతో వదులు పొడిని తీసేసి, మళ్ళీ తుప్పు పట్టించి, మళ్ళీ మరిగించాలి. విడత విడతకూ నలుపు చిక్కబడుతుంది. బోరునీటిలోని లవణాలు తెల్లమచ్చలు పెడతాయి కాబట్టి ఆటోనగర్‌లో ప్రతి బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడుకోవాలి. మరిగే నీటి వేడి వంద డిగ్రీలే కనుక ఉక్కు గట్టిదనానికి ఏమీ కాదు.

రంగు తరవాత రాయి. మూత గట్టిగా పట్టే పెయింటు బకెట్‌లో సగానికి పైగా గులకరాళ్ళు, అవి మునిగేటన్ని నీళ్ళు, రెండు చుక్కల సబ్బు ద్రవం పోసి, ఇంకా పదును పెట్టని బ్లేడును అందులో వేసి నేల మీద దొర్లించాలి. రాళ్ళు బ్లేడు మీది మిట్టలను మాత్రమే తాకుతాయి, గుంటల జోలికి పోలేవు. అందువల్ల మిట్టల మీద నలుపు పోయి లేత బూడిదరంగు వస్తుంది, గుంటల్లో నలుపు అలాగే ఉంటుంది, ఉప్పుకాగితం గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి మాయమవుతాయి. గుండ్రటి రాళ్ళు మెత్తటి వెలుగునిస్తాయి. కంకర చిప్స్ వేస్తే లోతైన గీతలు పడి కత్తి దెబ్బలాటలోంచి వచ్చినట్లు ఉంటుంది, వంటింటికి అది నప్పదు. పది నిమిషాలకొకసారి తీసి చూడటం అవసరం. ఎక్కువసేపు దొర్లిస్తే అన్నివైపులా ఒకే బూడిదరంగు వచ్చి, కష్టపడి తెచ్చిన తేడాలన్నీ చదునైపోతాయి. చివరగా నీళ్ళరాయి మీద అంచును పదును పెట్టినప్పుడు, ఆ నలుపు కింద సన్నటి తెల్లగీత తెరుచుకుంటుంది.

పిడికి తుమ్మ చెక్క మంచిది. గట్టిది, మన దగ్గర పుష్కలంగా దొరికేది, పైగా తనలోనే టానిన్ ఉన్నది. ఉక్కుపీచును కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెట్టి వడగట్టిన ద్రవాన్ని పూస్తే తుమ్మ నిమిషాల్లో నల్లబడుతుంది. ఆ నలుపును బొటనవేలు, అరచేయి ఆనే చోట్ల ఉప్పుకాగితంతో తగ్గించి, అవిసెనూనె పలచగా పట్టించి ఆరబెడుతూ పోతే సరి. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్కతో పిడి చేసి ఇమ్మని ఒకరు అడిగారు. ముచ్చటైన కోరికే కానీ, అంత మెత్తటి చెక్క కత్తికి నిలవదు.

బ్లేడుకు మాత్రం అవిసెనూనె వద్దు, నువ్వులనూనె, సన్‌ఫ్లవర్ నూనె కూడా వద్దు. గాలికి అవి బంకగా మారి దుమ్ము పట్టుకుంటాయి. కొబ్బరినూనె అలా ఆరిపోదు, తినే వస్తువుకు తగిలినా ఇబ్బంది లేదు. వాడిన వెంటనే కడిగి, తుడిచి, రెండు చుక్కలు రాసి పెట్టుకుంటే చాలు. మొదటి కొన్నాళ్ళు ఈ కత్తితో నిమ్మకాయలు, మామిడికాయలు కోస్తే ముక్కలకు కాస్త ఇనుపవాసన తగులుతుంది, ఉల్లిపాయ కోసిన చోట నల్లని చార కనిపిస్తుంది. రంగు కుదురుకున్నాక అది తగ్గిపోతుంది. డిష్‌వాషరులో వేసేవారికి నేను ఈ రకం కత్తి ఇవ్వను.

ఇలా చేసిన కత్తిని పాత కత్తిగా చెప్పి అమ్మడం మోసం, ఇందులో రెండో మాట లేదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు, అలాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. కొత్తదాన్ని అలా చూపించబోయేవారు ఆ సంగతి కూడా ఆలోచించుకోవాలి. కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆయుధాల నిబంధనల్లో, ఇంటికో వ్యవసాయానికో పరిశ్రమకో శాస్త్రీయ అవసరానికో చేసినవి కాక, 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. బాకులు, యుద్ధంలో వాడినట్లుండే కత్తులు చేసి ఇమ్మని అడిగేవారికి నేను లేదనే చెబుతాను.

నా కత్తులన్నిటి మీదా, పిడికి కాస్త ముందు, తయారైన సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. ఈ అంకెలను గట్టిపరచక ముందే, ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే అచ్చు ఉలితో కొట్టాలి, మామూలు కన్నా లోతుగా కొట్టాలి. ఆమ్లం అంచులను కొంత తింటుంది, గులకరాళ్ళు ఇంకొంత అరగదీస్తాయి. పైపైన కొట్టిన అంకె ఈ రెండూ దాటేసరికి చదవడానికి వీలులేకుండా పోతుంది. ముంచే ముందు అంకెల గుంటల్లో గోళ్ళ రంగు నింపి, పనంతా అయ్యాక థిన్నరుతో కడిగేస్తే, నల్లటి బ్లేడు మీద సంవత్సరం తెల్లగా, ఎవరికైనా కనిపించేలా నిలుస్తుంది.